అత్తయ్య షుగరు బిళ్ల మా ఆయన మింగిన సంగతి

ఎస్సై గారూ, నా పేరు, ఇంటి నంబరు పైన మీరు రాసుకున్నారు. నా వయసు యాభై. పదో తరగతి వరకు చదువుకున్నాను. చొక్కాలు కుట్టే దుకాణంలో కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఆయనకు యాభై ఆరు. ఇంట్లో ఉండేది ముగ్గురం: ఆయన, నేను, మా అత్తయ్య. అత్తయ్యకు ఎనభై ఒకటి. నన్నెవరూ బెదిరించలేదు, ఏం చెప్పాలో నేర్పలేదు. దేవుణ్ణి తలుచుకుని చెబుతున్నాను.

నిన్న సాయంత్రం ఆసుపత్రి వాళ్లు కబురు పెడితే వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గారు అడిగినప్పుడు మా అత్తయ్య, "నా కొడుక్కి ఆ బిళ్లలు నా చేత్తో నేనే ఇచ్చాను" అని చెప్పి వేలిముద్ర వేసింది. ఆ మాట నిజం. కానీ అందులో సగమే ఉంది. మిగతా సగం నా దగ్గరుంది. అది చెప్పడానికే వచ్చాను.

అత్తయ్యకు నాలుగేళ్ల క్రితం షుగరు బయటపడింది. ఉదయం ఎనిమిదింటికి ఒక బిళ్ల, సాయంత్రం ఏడింటికి ఒక బిళ్ల వేసుకోవాలన్నారు. ఆవిడ వేసుకోనంది. మూడు రోజులు బతిమాలాను. నాలుగో రోజు, "నువ్వూ వేసుకో, అప్పుడు వేసుకుంటాను. ఇద్దరం మింగితే మందు, నేనొక్కదాన్నే మింగితే జబ్బు" అంది. అప్పటినుంచి రోజూ ఆవిడే అట్టలోంచి రెండు బిళ్లలు తీసి, ఒకటి నా చేతిలో పెట్టి, నేను నోట్లో వేసుకున్నాకే తను వేసుకునేది.

నేను మింగింది ఆ బిళ్ల కాదు. పిల్లలు చప్పరించే తీపి బిళ్లలు తెల్లగా, అదే సైజులో దొరుకుతాయి. ఒకటి ముందే అరచేతిలో పెట్టుకునేదాన్ని. అత్తయ్య ఇచ్చింది కొంగులోకి, తీపిది నోట్లోకి. ఆ తర్వాత అసలు బిళ్లను మందుల డబ్బాలో వేసేదాన్ని. ఉదయం ప్రార్థన చేసుకుని లేవగానే నేను చేసే మొదటి పని ఈ మోసమే. నాలుగేళ్లు చేశాను. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన కడుపులో ఏ మాటా దాగదు. వాళ్లమ్మ ముందు అసలే దాగదు.

సోమవారం మధ్యాహ్నం రెండింటి బస్సుకు మా అక్క దగ్గరికి వెళ్లాను. అక్కకు కంట్లో శుక్లం తీశారు. వెళ్లేముందు ఆయనకు ఒక కాగితం రాసిచ్చాను. అందులో ఉన్నది ఇది: "ఉదయం ఎనిమిది, సాయంత్రం ఏడు. అత్తయ్య బిళ్ల. అత్తయ్యతో పాటు మీరూ వేసుకోవాలి. లేకపోతే ఆవిడ వేసుకోదు." నిన్న ఆయన చొక్కా జేబులో మీకు దొరికిన కాగితం అదే. చేతిరాత నాదే.

తీపి బిళ్లల సంగతి గుమ్మం దగ్గర నోటితో చెబుదామనుకున్నాను. నన్ను సాగనంపడానికి అత్తయ్య కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఫోనులో చెబుదామనుకున్నాను. ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టి మాట్లాడతారు, పక్కన అత్తయ్య ఉంటుంది. మరిచిపోయానని రాయించుకోవచ్చు, కానీ అది అబద్ధం. మరిచిపోలేదు. సిగ్గుపడ్డాను. షుగరు లేని మనిషికి షుగరు బిళ్ల ఏం చేస్తుందిలే అని కూడా అనుకున్నాను.

బుధవారం సాయంత్రం ఫోను చేస్తే ఆయన, "ఏమోయ్, చేతులు వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కడం లేదు. ఆకలి కూడా దంచేస్తోంది. నువ్వు లేవని బెంగేమో" అన్నారు. వెనకనుంచి అత్తయ్య, "పెళ్లయి ముప్పై ఏళ్లకు బెంగట! నాలుగు రోజులు ఆగలేడు" అంది. ముగ్గురం నవ్వాం. నేను కూడా నవ్వాను.

గురువారం, అంటే నిన్న, మా దుకాణంలో మిషను ఆగిపోయిందని పిలిస్తే ఆయన ఏమీ తినకుండానే వెళ్లారు. ఎనిమిదింటి బిళ్ల మాత్రం వేసుకుని వెళ్లారు. పదకొండు దాటి పది నిమిషాలకు మిషను మీద వాలిపోయారు. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తోంది. తాగారేమోనని చూసినవాళ్లు అన్నారట. మా కటింగు మాస్టరు, "ఆయన టీ తాగడానికే మొహమాటపడే మనిషి" అని కోప్పడి, ఆటోలో ఈ ఆసుపత్రికి తెచ్చాడు. తర్వాత ఇంటికి వెళ్లి అత్తయ్యను కూడా తీసుకొచ్చింది అతనే.

అతను ఫోను చేస్తే నేను అక్క దగ్గర్నుంచి బయల్దేరి ఒంటిగంటా ఇరవైకి చేరాను. అప్పటికి ఆయన లేచి కూర్చుని ఉన్నారు. వచ్చేసరికి రక్తంలో చక్కెర ముప్పై ఒకటి ఉందని, డెబ్భైకి పైన ఉండాలని, నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే కళ్లు తెరిచారని డాక్టరమ్మ చెప్పింది. ఆయన నన్ను చూసి, "అక్క కన్ను ఎలా ఉంది?" అన్నారు. "ముందు మీ సంగతి చూడండి" అన్నాను.

రెండూ ఐదుకు నా కళ్లముందే ఆయన చెయ్యి చల్లబడింది. పిలిస్తే పలకలేదు. నర్సు వేలు గుచ్చి చూసి, "మళ్లీ ముప్పై ఎనిమిదికి పడింది" అని కేకేసింది. మళ్లీ గ్లూకోజు ఎక్కించారు. డాక్టరమ్మ నా భుజం పట్టుకుని, "అమ్మా, ఈయనకు షుగరు జబ్బు లేదు. ఏదో మాత్ర ఒంట్లో ఉండి చక్కెరను లాగేస్తోంది. ఏ మాత్ర, ఎన్ని? అది తెలిస్తేనే సరైన ఇంజెక్షను ఇవ్వగలను. ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అంది.

అత్తయ్య బల్లమీద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అందులో మందుల అట్టలున్నాయి. నేను లెక్కపెట్టాను. సోమవారం సాయంత్రం నుంచి గురువారం ఉదయం దాకా అత్తయ్యవి ఆరు పోవాలి. పన్నెండు పోయాయి. అప్పుడు నాకు అర్థమైంది. డాక్టరమ్మకు ఆయన ఆరు మింగారని చెప్పి, అట్ట చూపించాను. ఆవిడ వెంటనే చర్మం కింద వేరే ఇంజెక్షను చేసింది. "అట్ట తెచ్చి మంచి పని చేశారు. ఇది తెలియకపోతే లేచాడు కదా అని సాయంత్రానికి ఇంటికి పంపేవాళ్లం. ఇంట్లో పడిపోయేవాడు" అంది.

అత్తయ్య అది విని, "నేనే ఇచ్చాను" అంది. సోమవారం ఆయన బిళ్ల చేతిలో పట్టుకుని, "అమ్మా, ఇది నాకు మంచిదేనా?" అని అడిగారట. "నీ పెళ్లాం నాలుగేళ్లుగా మింగుతోంది, గుండ్రాయిలా ఉంది. నీకేమవుతుందిరా?" అని తనే చెప్పిందట. అయ్యా, ఆ మాట ఆవిడ నా మీద నమ్మకంతో అంది. ఆ నమ్మకం నేను మోసంతో పుట్టించింది. తప్పు ఆవిడ చేతిది కాదు.

మా ఆయన కూడా నిన్న నాలుగింటికి, "ఎవరూ ఇవ్వలేదు సార్, నా అంతట నేనే వేసుకున్నాను" అని చెప్పారు. హెడ్ కానిస్టేబుల్ గారు కలం కింద పెట్టి, "ఇద్దరూ నేనంటే నేనని ఎగబడితే నేనెవర్ని రాసుకోనమ్మా?" అన్నారు. నన్ను రాసుకోండి. ఆయన బిళ్ల వేసుకున్నది నేను రాసినందుకు. అత్తయ్య ఇచ్చింది నేను దాచినందుకు.

ఈ ఉదయం ఆరింటికి ఆయన చక్కెర నూట పద్దెనిమిది. రేపటిదాకా ఉంచుతామన్నారు. మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఇది చెప్పడానికి ముందు, అత్తయ్యను బయట కూర్చోబెట్టమంటారా అని మీరు అడిగారు. వద్దన్నాను. నాలుగేళ్లు ఆవిడకు తెలియకుండా చేశాను, ఇదైనా ఆవిడ ముందే చెప్పాలనుకున్నాను. అంతా విని ఆవిడ నా వైపు తిరిగింది. "అయితే అమ్మాయ్, నాలుగేళ్లూ నేనొక్కదాన్నే మింగానా?" అంది.

"పక్కనే కూర్చున్నాను కదత్తయ్యా" అన్నాను.

ఆవిడ మీ బల్ల మీద చెయ్యి వేసి, "సారూ, నిన్న నేను చెప్పింది తక్కువైంది. ఇది కూడా రాయండి. రోజుకి రెండుసార్లు, నాలుగేళ్లు, ఒక్క పూట కూడా మానకుండా నా కోడలు నా పక్కన కూర్చుంది. అది రాయకుండా నేను వేలిముద్ర వెయ్యను" అంది. మీరు రాశారు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా అత్తయ్య రాయించిన మాట కూడా నిజమేనని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. ఆసుపత్రిలోని పోలీసు గది.

(సంతకం)

కింద, విన్న మనిషిగా అత్తగారి ఎడమ బొటనవేలి ముద్ర