విత్తే చెయ్యి

యాడికి పోతారు తిమోతి గారూ, ఆగండి! గ్రామసేవకులంటే మా పాలెంలో కాలు పెట్టకుండా ఈ డొంకదారిన జారుకోవడమేనా? నన్ను చూసి సైకిలు జోరు పెంచినారు, నేను కనిపెట్టలేదనుకున్నారా? దిగండి. స్టాండు వెయ్యండి. చేతికి మసి అంటినా సరే, చక్రం వదలను నేను.

నేనెవురో తెలీలేదా? అవున్లే, ఎట్ట తెలుస్తుంది, ఈ ఏడాదిలో చిక్కి సగమైపోయినా. మస్తానమ్మని. గంగులయ్య పెళ్ళాన్ని. ముందటేడు మీరు ఆ హైబ్రీడు మొక్కజొన్న తెచ్చి మా చేలోనే కదా వేయించినారు? ఆఁ, ఇప్పుడు గుర్తొచ్చింది.

మీ మీదకి కొట్లాటకు రాలేదయ్యా. ఒక్కటే అడుగుతా. సాయంత్రం మా పాలేనికి రండి. జనం పనుల నించి వచ్చినాక, నలుగురి ముందర నిలబడి ఒక్క మాట చెప్పండి. "తప్పు గింజదే, మస్తానమ్మ చేతిది కాదు" అని. ఆ మాట చాలు నాకు.

నవ్వుతారేంది? చెయ్యేంది, విత్తనమేంది అనా? మీరు చదువుకున్నోళ్ళు, మీకు నవ్వులాటగానే ఉంటుంది. మా పాలెంలో ఎవురు విత్తనం వెయ్యాలన్నా తొలి పిడికిలి నాది. జొన్నకైనా, సజ్జకైనా, పత్తికైనా. కాపురానికొచ్చిన ఏడే మా అత్త నా చేత వేయించింది, చేను విరగపండింది. అప్పట్నించీ, "మస్తానమ్మా, రామ్మా, ఒకసారి చెయ్యి పెట్టిపో" అని ఇంటికొచ్చి మరీ పిలుచుకుపొయ్యేవాళ్ళు. నాకు బిడ్డల్లేరు తిమోతి గారూ. దేవుడు కడుపు పండించకపోయినా చెయ్యన్నా ఇచ్చినాడులే అనుకుని బతికినా. అర్థమైందా?

మీరు తెచ్చిన గింజ కూడా నేనే వేసినా. మీరు చెప్పినట్టే సాళ్ళు తీసి, గింజ గింజకీ ఎడం ఉంచి, మోకాలెత్తు రాగానే ఎరువేసి మొదళ్ళకు మట్టి ఎగదోసినాం. కండెలు పాలుపోసుకునే రోజుల్లో చిలకలు వాలకుండా మంచె మీద కూర్చుని డబ్బా వాయించింది ఎవురు? నేనే.

ఏం పంటయ్యా అది! మనిషి లోపలికి పోతే కనపడడు. ఒక్కో కండె నా మోచేతంత. మీరే ఎవురో ఆఫీసర్ని జీపులో తీసుకొచ్చి, మా ఆయన్ని చేలో నిలబెట్టి ఫోటో తీయించినారు. ఆ ఫోటో కోసం తలపాగా అరువు తెచ్చుకున్నాడు మా ఆయన. తరవాత నెల రోజులు అరుగు దిగలా. వచ్చేపోయేవాళ్ళకు ఒకటే చెప్పడం, నా చేను, నా పంట అని.

కోత అయినాక నేనేం చేసినా? మా అమ్మ ఏం చేసిందో, మా అత్త ఏం చేసిందో అదే చేసినా. కుప్పలో మేలైన కండెలన్నీ ఏరినా. పురుగు తాకనివి, చివరిదాకా పళ్ళ మాదిరి గింజ నిండినవి. పైపొట్టు వెనక్కి ఒలిచి, జడలల్లినట్టు అల్లి, పొయ్యి పైన వాసాలకు కట్టినా. రోజూ పొగ తగిలితే గింజకు పురుగు పట్టదు. మా ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు.

మళ్ళీ వానలు పడగానే పాలెమంతా చేటలు పట్టుకుని మా గుమ్మం ముందరికొచ్చింది. అడిగినోళ్ళకల్లా పెట్టినా. కళ్ళకద్దుకుని పెట్టినా. ప్రతి చేలోనూ తొలి గింజ నేనే వేసినా. జొన్న మానుకుని, సజ్జ మానుకుని అందరూ అదే వేసినారయ్యా, నన్ను నమ్మి.

మొలక బాగానే వచ్చింది. మోకాలెత్తుకు వచ్చినాక మొదలైంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇంకోటి గడ్డిపరక మాదిరి. పైన పూత ఉన్నదానికి కింద కండె లేదు. ఉన్న కండె ఒలిచి చూస్తే బొటనవేలంత, అందులో ఆడొక పన్ను ఈడొక పన్ను, ముసలిదాని నోరు మాదిరి. గొడ్లకు మేత అయింది గానీ మనుషులకు ముద్ద కాలేదు.

తరవాత ఏం తిన్నామా? రేషను గోధుమలు! ఎక్కడి నించో ఓడలో వచ్చినాయంట. వాటిని ఎట్ట వండాలో మా ఆడోళ్ళకు ఎవురికి తెలుసు? బియ్యం మాదిరి ఎసట్లో పోస్తే చచ్చినా ఉడకవు. పిల్లోళ్ళకు ఒకటే కడుపునొప్పులు. పక్కింటి కామాక్షయ్య, పెళ్ళాన్నీ చంటిబిడ్డనీ తోలుకుని కృష్ణపట్నం పక్క ఉప్పు కయ్యల్లో కూలికి పోయినాడు. బిడ్డ ఆడే పోయింది. విరేచనాలు పట్టుకుని పోయింది. తిరిగొచ్చినాక ఆ తల్లి మా ఇంటి ముందర నిలబడింది. తిట్టలా, శాపనార్థాలు పెట్టలా. నా చేతుల వంక చూసి పోయింది.

అది కూడా దిగమింగినా. నిన్నటిదే గొంతు దిగడంలేదు.

నిన్న మా మరిది చేలో పత్తి విత్తినారు. గింజలకు పేడనీళ్ళు పట్టించి, ఒకదానికొకటి అంటుకోకుండా బూడిదలో పొర్లించి ఆరబెట్టింది నేనే. చేట ఎత్తుకుని చేలోకి దిగబోతే మా తోటికోడలు చెంచమ్మ ఎదురొచ్చింది. "అక్కా, నువ్వు గట్టు మీదే ఉండు" అనింది. నన్ను! నా చేతి కింద విత్తడం నేర్చుకున్న పిల్ల! మా ఆయన గబగబా వచ్చి చేట నా దగ్గర్నించి తీసుకుని దానికిచ్చినాడు. గొడవెందుకని ఇచ్చినాడులే, మెత్తటి మనిషి అనుకున్నా. వాళ్ళు విత్తినంతసేపూ గట్టు మీద నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినా.

ఈ పొద్దున కావలి సంతలో ఒక పెద్దాయన చెప్పినాడు. హైబ్రీడు గింజ ఒక్క పంటకేనంట. దాచి మళ్ళీ వేస్తే సరిగ్గా కాయదంట. ఏటికేడు కొత్తది తెచ్చుకోవాలంట. నిజమేనా? తల దించుకోవద్దు, నా మొహం చూసి చెప్పండి. నిజమే కదా! మరి ఆ ముక్క అప్పుడే చెప్తే మీ నోట్లో ముత్యాలు రాలిపొయ్యేవా? ఎరువు సంగతి చెప్పినారు, కలుపు సంగతి చెప్పినారు, అసలుది మింగేసినారు. ఒక పసిబిడ్డ పోయిందయ్యా!

ఏందీ? చెప్పినారా?

ఎవురికి చెప్పినారు?

మళ్ళీ చెప్పండి. మా ఆయనకా? కోత రోజు, చేలో నిలబెట్టి చెప్పినారా? పాలెంలో అందరికీ చెప్పమని ఆయనకే అప్పజెప్పినారా? సరేనన్నాడా?

కాదు. మీరు తప్పించుకునేదానికి చెప్తున్నారు. గవర్నమెంటోళ్ళు మీకేం, ఎవురి మీదకైనా నెట్టేస్తారు. మీరు నమ్మిన ప్రభువు సాక్షిగా చెప్పండి చూస్తా.

ఒట్టేసి చెప్పినారే.

ఉండండి. ఇట్ట కొంచెం కూర్చోనీండి. నీళ్ళొద్దు, ఏమీ వద్దు.

అయితే నిచ్చెన పట్టుకున్నప్పుడే ఆయనకు తెలుసు. "ఇన్నెందుకే" అని ఒకసారి అన్నాడు. "పాలెమంతా అడగరా" అన్నా నేను. మళ్ళీ నోరు తెరవలా. నమ్మలేదేమోలే. మొలిచే గింజ పండకుండా ఎట్ట పోతుంది? ఆ రోజు చెప్పుంటే నేను మాత్రం నమ్ముంటానా? దానికి ఆయన్ని ఏమీ అనను.

పంట పోయినాకన్నా చెప్పొచ్చు కదయ్యా? మా మరిది అరుగు మీద కూర్చుని "వదిన చెయ్యి చెడింది" అంటా ఉంటే, ఈయన పక్కనే కూర్చుని బీడీ కాల్చినాడు. ఇంట్లోకొచ్చి నేను పెట్టిన ముద్ద తిన్నాడు. నిన్న చేట తీసుకున్నాడే, అదీ గొడవ తప్పించేదానికి కాదు. తప్పు నా చేతిదైనంత కాలం ఆయన జోలికి ఎవురూ రారు. ఎంత మెత్తగా తీసుకున్నాడయ్యా! నా వేళ్ళు ఒక్కోటే విడదీసి మరీ తీసుకున్నాడు.

ఏంది, సైకిలు తిప్పుతున్నారు? ఇప్పుడే వస్తారా? అందరినీ పిలిచి చెప్తారా?

వద్దు. రావద్దు.

అవునయ్యా, ఇందాక రమ్మన్నది నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. మీరొచ్చి నోరు తెరిస్తే, ముందే ఎందుకు చెప్పలేదని మిమ్మల్ని అడుగుతారు, గంగులయ్య తెలిసి కూడా చెప్పలేదని బయటపడుతుంది. కామాక్షయ్య ఊరుకుంటాడా? బిడ్డను ఇసకలో పూడ్చిపెట్టి వచ్చినోడు. గొడ్డలి తీసుకుంటాడు. తీసుకోకపోతే వాడు తండ్రే కాదు.

ఆయనకేమన్నా అయితే నేనేమవుతా? మొగుడు పోయినదాన్నవుతా. మొగుడు పోయినదాని చేత తొలి గింజ వేయించిన ఊరు, ఇన్ని ఊళ్ళు తిరుగుతారు గదా, యాడన్నా చూసినారా? చెప్పండి. చూళ్ళేదు కదా. మరి మీరొచ్చి నాకు ఒరగబెట్టేదేముంది?

ఆయన మీద ప్రేమతో అంటున్నా అనుకునేరు! అదేం లేదు. ఈ పూటతో అది కూడా అయిపోయింది.

ఆయన్ని అడగనా అంటున్నారా? అడిగితే ఏమంటాడు, మర్చిపోయినా అంటాడు. ఆ మాట విన్నాక కూడా ఆయన పక్కనే పడుకోవాలి కదా. అడక్కపోతే ఆ మాట వినడమన్నా తప్పుతుంది.

పోండి నాయనా, చక్రం వదిలేసినా. పొద్దు నడినెత్తికొచ్చింది. ఆకలికి ఆగలేడాయన, నేను పోయి సంగటి కెలకాలి. విత్తేదానికి పనికిరాని చెయ్యి సంగటికి పనికొస్తుందిలే. నిన్న చేలోంచి వచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.