గోటి చప్పుడు

హలో… ఆ, నేనేరా యల్లమందా, అక్కని. ధ్యాన శిబిరం అయిపోయింది, ఇందాకే మా ఫోన్లు మాకిచ్చారు. ఏంది, మిరపకాయలు ఎండినయ్యా?…

ఆ గుసగుసలేందిరా? గట్టిగా మాట్లాడు…

పామా?

యాడ?… కాళ్ల మీదా! కల్లంలో టార్పాలిన్ పట్టా మీద నిద్రపోయి, నా ఫోన్‌కి లేచి చూస్తే… పడగిప్పిందా?…

అయ్యో నా తండ్రీ. కదలమాక. నోరు మెదపమాక. అవునంటే గోటితో ఫోన్ మీద ఒకసారి కొట్టు. కాదంటే రెండు.

…

ఆ, వినపడింది. పక్క కల్లంలో గురవయ్య మామ ఉన్నాడా?… ఉన్నా వద్దులే. కాళ్ల చప్పుడికి బెదిరి కాటేసిద్ది.

వణుకొస్తుందా?… ఆ వణుకే వద్దురా. నేను చెప్పింది చెయ్యి. కళ్లు మూసుకో.

రెండు కొడతావేంది! దాన్నే చూస్తా ఉంటే భయం పెరిగిద్దే గాని తగ్గదు. మూసుకో. ముక్కు కింద, పెదవి మీద గాలి తగులుద్దే, ఆడ పెట్టు మనసు. లోపలికి పోతుంటే పోతుందని తెలుసుకో. బయటికొస్తుంటే వస్తుందని తెలుసుకో. గట్టిగా పీల్చమాక. దాని పాటికి దాన్ని రానీ.

తెలుస్తుందా?…

ఆ. బుద్ధుడు చెప్పింది ఇంతేరా. ముక్కు చూసుకోటానికి అంత దూరం పోవాలా అని నవ్వావుగా. ఇప్పుడు చూసుకో.

…

మనసు మళ్లీ పాము మీదికి పోయిందా?… పోనీ. తిట్టుకోమాక. తాడు తెంపుకున్న దూడని గుంజ కాడికి తెచ్చుకున్నట్టు మెల్లగా తెచ్చుకో. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు.

లోపలికి… బయటికి…

ఉన్నావా?…

ఆ. పిల్లల్ని తలవమాక ఇప్పుడు. గాలి. గాలొక్కటే.

…

యల్లమందా?

…

ఒరేయ్, కొట్టరా. ఒక్కసారి.

…

కాటేసిందా? తమ్ముడూ! నీకు దణ్ణం పెడతా, పలకరా… గురవయ్య మామా! ఎవరన్నా ఉన్నారా ఆడ!… అయ్యో, నేనే అరుస్తున్నానే… యల్లమందా…

…

ఆ! విన్నా, విన్నా. ఏందిరా ఇంతసేపు—

మాట్లాడుతున్నావేంది! అది—

పోయిందా? ఎప్పుడు?…

తెలవదా? కాళ్ల మీంచి దిగిపోతే తెలవలేదా నీకు?… నా కేకలు కూడా వినపళ్లేదా?…

గాలి కాడే ఉన్నావా.

లే. పట్టా దిగి దూరంగా పో. ముందు గురవయ్య మామని పిలువు… పిలిచావా? వస్తున్నాడా?… సరే.

నేనా? బస్టాండులో. కిందే కూర్చున్నా. జనమంతా నన్నే చూస్తున్నారు.

నవ్వమాకరా సచ్చినోడా! ఏడాదికోసారి పోయి కళ్లు మూసుకుని కూర్చుంటా, నా మనసు ఒక్కనాడు కూడా అట్టా నిలబళ్లేదు. ఇప్పుడైతే ఊపిరి యాడుందో కూడా తెలవట్లా.

ఫోన్ పెట్టమాక. ఈసారి నువ్వు చెప్పు నాకు… ఆ, మూసుకున్నా…

మాట్లాడనులే. గోటితో కొడతా.