బుడగ తుడిచిన చేయి

1991 ఆగస్టు 19వ తేదీన శ్రీమతి ధరావత్ రుక్మిణి గారు కోదాడ సమీపంలోని మన సముద్ర పరికరాల పరీక్షా కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరారు. మాడుగులపల్లి దగ్గరి తండాలో పుట్టి, మిర్యాలగూడలో ఇంటరు, సూర్యాపేటలో డిగ్రీ, వరంగల్లులో ఎమ్మెస్సీ ముగించిన ఆమె అప్పటికి సముద్రాన్ని చూడనే లేదు. కోదాడలో సముద్రమెక్కడిదని నవ్విన చుట్టాలందరికీ, నీళ్లు నిండిన పాత సున్నపురాయి గనిలో అలల గోల ఉండదనీ, పరికరాలను ఆ నిశ్శబ్దంలో పరీక్షించాకే కడలికి పంపుతారనీ ఓపికగా వివరించేవారు.

నీటి అడుగు శబ్దాలను వినే హైడ్రోఫోన్‌ను స్వదేశంలోనే తయారు చేయాలన్న సంకల్పంతో ఆమె పదేళ్లు శ్రమించారు. 2004లో నిపుణుల సంఘం వచ్చింది. పరికరం నెగ్గకపోతే ఆ శ్రమంతా అటకెక్కినట్టే. తీరా గనిలోకి దింపితే, వినిపించాల్సిన దానిలో సగమైనా వినిపించలేదు. సర్క్యూట్లు కట్టిన శశిధర్ గారి మీదే అందరి చూపూ పడింది.

గట్టున బకెట్లో అప్పుడే ముంచిన రెండో హైడ్రోఫోన్ ఒంటినిండా ఆవగింజలంత గాలి బుడగలు అంటుకుని ఉండటం రుక్మిణి గారు చూశారు. శబ్దాన్ని మింగేస్తున్నవి అవే! ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఆ ఏడు పదోన్నతి జాబితాలో ఆమె పేరుంది. అయినా లేచి నిలబడ్డారు.

"తప్పు శశిధర్ సారుది కాదు, నాది. మా అమ్మ వడ్లు నానబోస్తే బుడగలు పోయేదాక చేత్తోటి కలుపుతది. నేను తొందరల నానబెట్టకుంట, తుడవకుంట దింపిన. జర ఒక్క పూట టైమియ్యండి."

సాయంత్రానికి పరికరం నెగ్గింది. పదోన్నతి మాత్రం రెండేళ్లు వెనక్కిపోయింది. ఆ సంగతి ఆమె ఏనాడూ ఎత్తలేదు. శశిధర్ గారే ప్రతి విందులోనూ ఎత్తి కళ్లొత్తుకుంటారు.

2013లో విభాగాధిపతి అయ్యాక, ఏ పరికరాన్నయినా నానబెట్టి, చేత్తో తుడిచాకే దింపాలని ఆమె నియమం పెట్టారు. తల్లి పేరిట దానికి లచ్చమ్మ పద్ధతి అన్న పేరు స్థిరపడింది. కొత్తవాళ్లు లచ్చమ్మంటే ఎవరో గొప్ప శాస్త్రవేత్త అనుకుంటారు. వారి భ్రమ తొలగించరాదని మేడమ్ గారి మౌఖిక ఉత్తర్వు!

పదవీ విరమణకు ముందు తన చివరి పరీక్షకు నిన్న రుక్మిణి గారు తల్లిని గట్టుకు తీసుకొచ్చారు. లచ్చమ్మ గారు కొంగు బిగించి, బకెట్లో చేయిపెట్టి, హైడ్రోఫోన్‌ను నింపాదిగా తుడిచారు.

"ఇగ దింపు బిడ్డా. బుడగల్లేవు."

రుక్మిణి గారు దింపారు. గట్టున ఉన్న మేమంతా గర్వంతో చప్పట్లు కొట్టాం. ఆ తల్లీబిడ్డలు ఇంకెన్నో వానాకాలాలు కలిసి వడ్లు నానబోసుకుంటూ, ఆయురారోగ్యాలతో, తృప్తిగా, చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.