సున్నం గుర్తులు

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. సౌదీలోని హఫర్ అల్ బాతిన్ శివార్లలో వేస్తున్న కొత్త రోడ్డు పక్కన కంపెనీ రేకుల ఆఫీసు. కడప నుంచి వచ్చిన గుమాస్తా, జగిత్యాల నుంచి వచ్చిన రోలర్ డ్రైవరును లోపలికి పిలిచాడు.

“రియాద్ ఇంజనీరుతో పొద్దున ఏం మాట్లాడినావు?”

“నీళ్లడిగిండు సాబ్, ఇచ్చిన.”

“అరగంట నీళ్లు తాగినాడా?”

“మీకెందుకు అంత అనుమానం?”

“రోడ్డుకు డబ్బు ఇచ్చేది రియాద్ సర్కారు. ఆయన తవ్వి చూసి, మందం సరిపోయిందని రాస్తేనే అది ఈ ఊరి బలదియాకు, అంటే మునిసిపాలిటీకి వస్తుంది, ఆడనుంచి మన కంపెనీకి.”

“మరి ఎక్కడ తవ్వాల్నో సున్నం గుర్తులు మనమెందుకు పెట్టినం?”

గుమాస్తా బల్ల మీది లెక్కల పుస్తకం మూశాడు.

“ఆ నాలుగు చోట్లనే తారు మందంగున్నది సాబ్. రోలర్ నడిపినోన్ని, నాకెరుకే.”

“అదే చెప్పినావా ఆయనకు?”

“మలుపు కాడ తవ్వుమన్న. పోయినేడు గిసొంటి పలుచని రోడ్డే కుంగి, నీళ్ల ట్యాంకర్ బోల్తాపడ్డది. అండ్ల మా తమ్ముడు పోయిండు.”

“మనకు వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే నిన్ను ఎగ్జిట్ మీద ఇండియాకు పంపించేస్తాడు.”

“పంపనీ.”

గుమాస్తా లేచి తలుపు మూసి వచ్చాడు.

“వంతెన కాడ కూడా తవ్వమని చెప్పు. ఆడ మందం సరిపోయిందని దొంగలెక్క రాసింది నేనే.”