పక్షుల సంగతి

ఫిజీలో కదావు దీవి, ముసలి ఇలైసా ఇంటి వరండా. ఒకప్పుడు బ్రిటిష్ దొరల అణుబాంబు పరీక్షలకు క్రిస్మస్ దీవికి వెళ్లొచ్చిన ఇలాంటి పాత సైనికుల మాటలు రికార్డు చేసుకోవడానికి సువా పట్నం నుంచి వాసితి వచ్చింది.

"చేపలు తిన్నాం, బంతాట ఆడాం. ఇంకేం కావాలి నీకు? పోయినసారి వచ్చినవాడికీ ఇదే చెప్పాను."

"అతనికి పక్షుల సంగతి కూడా చెప్పారట కదా, పెదనాన్నా."

"చెప్పాను. పుస్తకంలో వేశాడా? చేపలు వేశాడు, బంతాట వేశాడు. నా కోడలు చదివి వినిపించింది. పక్షులు మాత్రం ఎగిరిపోయాయి."

"ఈసారి అలా జరగదు."

"వాడూ ఇదే అన్నాడు. ఇంత చిన్నపిల్లవి, నీ మాట అక్కడ ఎవడు వింటాడు?"

"చిన్నపిల్లనా! నా జుట్టు సగం నెరిసిపోతేనూ!"

"ఆఁ... గొంతు లేతగా ఉందిలే."

"సరేగానీ, ఈ ఫొటో చూడండి. క్రిస్మస్ దీవిలో మీ పటాలమంతా. ఇందులో మీరెవరు?"

"పెట్టక్కడ. తర్వాత."

"ఒక్కసారి..."

"తర్వాత అన్నానా! మిషను నడుస్తోందా?"

"నడుస్తోంది."

"అయితే విను. బాంబు వేసేముందు మమ్మల్ని వెనక్కి తిరిగి కూచోమన్నారు. కళ్లు మూసుకుని, మీద అరచేతులు పెట్టుకోమన్నారు. అంతే."

"భయం వేయలేదా?"

"ఏమీ కాదన్నాడు దొర. నమ్మాం. వెళ్లిరండర్రా, ఊరికి పేరొస్తుందన్నాడు మా ఊరిపెద్ద. ఆయన్నీ నమ్మాం."

"తర్వాత?"

"మర్నాడు కర్రలిచ్చి ఒడ్డుకి పంపారు. ఇసుకనిండా సముద్రపు పక్షులు. రెక్కలు బాగానే ఉన్నాయి. కళ్లే పోయాయి. చంపేయమన్నారు."

"అయ్యో, ఎందుకు?"

"జాలట! 'గుడ్డి పక్షికి బతుకేముంది, పుణ్యం కట్టుకోండి' అన్నాడు దొర. కొట్టాం. ఈ చేతులతోనే కొట్టాం, తల్లీ..."

"కాసేపు ఆపమంటారా?"

"ఆపకు! ఆపావంటే నిన్నూ నమ్మను."

"ఆపను. కానీ... ఒక మాట. దీన్ని మీ సన్మాన సభలో వినిపిస్తారు. దొరలు కూడా వస్తున్నారు. మా ఆఫీసువాళ్లేమో... మంచి సంగతులుంటే చాలన్నారు."

"అదీ సంగతి! నువ్వూ వాళ్ల మనిషివేనన్నమాట."

"నేనలా అనలేదు, వాళ్లు..."

"పక్షుల్ని తీసేస్తావా, ఉంచుతావా? ఒక్క ముక్క చెప్పు."

"అడిగి చూస్తాను."

"అడిగి చూస్తుందట! చచ్చేలోగా ఒక్కరైనా వింటారనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది."

"అంత మాటనకండి. నా మొహం చూసి చెప్పండి, మోసం చేసేదానిలా ఉన్నానా? అటు కాదు పెదనాన్నా, నేను ఇటున్నాను... ఇటు..."

"ఆ పక్షులూ అంతే, అమ్మాయీ. కర్ర ఎత్తితే పారిపోయేవి కావు. మా గొంతు వినబడగానే, ఇప్పుడు నీ గొంతుకోసం నేను వెతుక్కుంటున్నట్టే, నమ్మకంగా మావైపు తల తిప్పేవి."