ఎర్ర బండి వెనకాల అంబాసిడర్

కార్వేటినగరం కుప్పయ్య అలిపిరికి ఒకే పని మీద వచ్చాడు. తల్లి నాగులమ్మకు మోకాళ్ళు పట్టేసి బస్సు మెట్టు ఎక్కలేదు. రేపు పొద్దున ఆమె తలనీలాల మొక్కు తీర్చాలి, కొండకు కారు కావాలి. సుబ్బులమ్మ టీ అంగడి ముందు గోవిందయ్య తన పాత అంబాసిడర్‌కు ఆనుకుని ఉన్నాడు. ఈ బండి కొండెక్కుతుందా అని కుప్పయ్య అడిగిన పాపానికి గోవిందయ్య అందుకున్నాడు.

"ఎక్కుతాదా అంటావేమబ్బా? పోయిన నెల మద్రాసు నుంచి ఎర్ర బండొకటి వచ్చె. ఫారిన్ సరుకు, పైన కప్పు లేదు, రెండే సీట్లు, నేలకానుకోని పోతాది. అది ఈడ బయలుదేరింది సూడు, ఎనకాలే నేను. అదెంత దూకితే నాదీ అంతే దూకె. నడాన బారెడు సందు, కొండ కొసదాకా పెరగలా, తరగలా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మొదటి మలుపులో ఇంజను ఆపేస్తి."

"ఆపేస్తే ఎట్లెక్కిందప్పా?"

అదే తన బండి గొప్ప అన్నాడు గోవిందయ్య. సద్దు లేదు, పొగ లేదు, పెట్రోలు ముల్లు దిగడం మాని పైకి ఎక్కుతూ వచ్చిందట. ఏడో మలుపులో స్టీరింగు వదిలి తీరిగ్గా నామం దిద్దుకున్నాడట. చిరుత ఒకటి పక్కకు జరిగి దారి ఇచ్చిందట. పైకి పోయేసరికి చక్రాలు నేలకు తగలడం మానేస్తే, శ్రీహరికోట వాళ్ళు తమ రాకెట్టే ముందుగా లేచిపోయిందేమోనని తంతి కొట్టారట.

కుప్పయ్యకు తల తిరిగింది. చిన్నది, చురుకైనది ఆ ఎర్ర బండి. బరువైనది, ముసలిది ఈ బండి. ఇంతకీ ఏది గొప్పదో తేలలేదు.

"మరి దాన్ని దాటి పోకపోతివా?"

"మనూరికొచ్చిన మనుషులు గదబ్బా, మర్యాద. అయినా ఆ బండాయన కొండమీద దిగి నాకు దణ్ణం పెట్టె. నీతో ఇంక నావల్ల కాదు సామీ అనె."

సత్రంలో తల్లి ఎదురుచూస్తోంది. ఏమీ అర్థం కాకపోయినా సరే, పొద్దున్నే రమ్మందామని కుప్పయ్య నోరు తెరిచాడు. అంతలో గ్లాసులు కడుగుతున్న సుబ్బులమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"గోవిందయ్యా, ఆ పొద్దు నీ బండిని ఎర్ర బండికి కట్టను నా బావి చేంతాడు తీసుకుపోతివే, యెప్పుడిస్తావు? నెల్లాళ్ళుగా పక్కింటోళ్ళ తాడుతో తోడుకుంటా ఉండా."

గోవిందయ్య తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు. కుప్పయ్య చాలాసేపు ఆలోచించాడు.

"తాడు నేను తెస్తాలేప్పా. ముందర కట్టుకొనే దానికి ఎర్ర బండి రేపు యాడ దొరుకుతాది?"