సిన్నింటి నిప్పు

సుంకులక్క అని ఒకామె ఉండె. ఇద్దరు అన్నదమ్ముల ఇంట్లో పెద్దకోడలు. సిన్నకోడలి పేరు మద్దమ్మ. రెండు మట్టిమిద్దెలు, నడిమి గోడ ఒకటే. ఈ పక్క తిరగమోత పెడితే ఆ పక్క తుమ్ముతారు, అట్లాంటి కాపురాలు అనుకో. సుంకులక్కకు పిల్లల్లేరు. మద్దమ్మకు ఒక ఆడపిల్ల, నాగి అని, అప్పుడప్పుడే గోడ పట్టుకోని అడుగులేస్తాండె. ఆ పిల్ల పాలకు మాత్రం తల్లికాడికి పొయ్యేది, మిగతా పొద్దంతా పెద్దమ్మ సంకలోనే. సుంకులక్క సంగటి కెలుకుతాన్నా, కసువు ఊడుస్తాన్నా, పిల్ల ఆమె మెడ పట్టుకోని యాలాడతా ఉండాల్సిందే. ఆమె కూడా దించేది కాదంట. ఎందుకు దించుతాది, తానుగా వచ్చిన పిల్లను ఎవురైనా దించుతారా.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండె. ఏందంటే, రోహిణికార్తె ఎండల్లో, వానలు పడకముందే, పొయ్యి మెత్తుకోవల్ల. ఊరికే పేడనీళ్ళతో అలికేది కాదు, అది రోజూ అలుకుతారు. ఇది యేడాదికి ఒకతూరి. బూడిదంతా ఎత్తి, లోపల గట్టిపడిన మసి కొడవలి మొనతో గీకి, పక్కపొయ్యికి మంట పొయ్యే బొక్క ఉంటాది సూడు, దాంట్లో సెయ్యి పెట్టి తోడి, పైన మిద్దెకు పొగ పొయ్యే గవాక్షి ఉంటాది, దాని సుట్టూ పట్టిన మసి దులిపి, కుండ ఆనే పొయ్యిగడ్డలు పగిలినవి తీసి కొత్తవి పెట్టి, ఎర్రమన్నూ పేడా కొర్రపొట్టూ నానేసి తొక్కి మెత్తేది. మెత్తినాక బాగా ఎండల్ల. పచ్చిమీద మంట పెట్టినావా, నిలువునా నెర్రెలిస్తాది. మరి అది ఎండేదాకా ఆ ఇంటి నిప్పు యాడుండల్ల? అందుకని పగిలిన కుండపెంకులో ఇంత బూడిద పరిసి, నిప్పులు పెట్టి, పైన మళ్ళా బూడిద కప్పి, గోడకవతలి ఇంటికి తీసకపోతారు. నిప్పు సుట్టరికం పోయింది అంటారు దాన్ని. అన్ని పొద్దులూ రెండిళ్ళోళ్ళూ ఒక పొయ్యిమీదనే వండుకుంటారు. ఏం నాయనా, అగ్గిపెట్టె లేదా అంటాండావా? ఉండె. అంగట్లో అప్పుడూ ఉండె. ఇది నిప్పు లేక సేసే పని కాదులే, ఇను.

ఇంగొక మాట ఉండాది ఆ కట్టుబాటులో. ముందు పెద్దింటి పొయ్యి మెత్తేది కావల్ల. పెద్దింటి నిప్పు సిన్నింటికి సుట్టంగా వచ్చి, తిరిగి పోయినాకనే సిన్నింటోళ్ళు తమ పొయ్యిమీద సెయ్యి పెట్టల్ల. అంతకుముందే సిన్నామె తన పొయ్యి గీకిందనుకో, పెద్దామె ఇంగ లేదు, పోయింది, అని ఊరికి సెప్పినట్టు లెక్క. బతికున్న మనిషిని సచ్చినదాని కింద కట్టినట్టు. అంత మాట ఎవురు నెత్తికెత్తుకుంటారు?

అట్లుండగా ఏమైందంటే, ఒకనాడు వాకిట్లో ఆడోళ్ళంతా కూసోని ఇత్తనానికి సెనిక్కాయలు ఒలుస్తాండారు. సుంకులక్క నవ్వతానే అనిందంట, మే మద్దీ, పచ్చికట్టెలు పెట్టి ఇల్లంతా పొగ సేసుకుంటావే, రోంత ఎండినవి ఏరుకోకూడదా అని. దాంట్లో తప్పేముంది, పెద్దది, అంటాది. మద్దమ్మకు ఆపొద్దు ఏం పుట్టిందో, తలెత్తకుండానే, "నా ఇంట్లో తినేటోళ్ళుండారు, పొగైనా లేస్తాది. నీ పొయ్యి మండితే ఎవురికి, మండకపోతే ఎవురికిలే అక్కా" అనేసింది. అంతమందిలో. ఒలిసే సేతులన్నీ నిలబడిపోయినాయంట. సుంకులక్క ఒళ్ళో పొట్టు దులుపుకోని, మెడ పట్టుకోనుండే పిల్లను ఇడిపించి, తల్లి ముందర దించి ఇంట్లోకి పోయింది. ఆపొద్దునుంచి మాటల్లేవు. పిల్ల గడప కాడికొచ్చి పెద్దమ్మా అని సేతులు సాపితే, ఈమె పని ఉన్నట్టు లోపలికి పొయ్యేది. లోపలికి పోయి ఏం సేసేదో మనకు తెలుసునా.

రోహిణికార్తె వచ్చింది. ఊర్లో అన్ని ఇండ్లల్లో పెంకులు అటూ ఇటూ తిరుగుతాండాయి. సుంకులక్క కదల్లేదు. మొగుడు ఈరన్న నోట్లో నాలిక లేనోడు, అయినా ఆయన కూడా అడిగె, పొయ్యి మెత్తవా అని. మన్ను దొరకలేదు అనింది ఈమె. గుట్టకింద అంతా ఎర్రమన్నే ఉండాది, అని ఆయన గొణుక్కుంటా పాయె. ఆమె మనసులో ఏముండిందో సెప్తా ఇను. నేను నిప్పు పంపకపోతే అది పొయ్యి మెత్తుకోలేదు. కానీలే. నా పొయ్యి ఎవురికి అనింది గదా, ఎవురికో తెలుసుకోనీ. ఇదీ ఆమె అనుకునేది. పొరపాటున కాదు, తెలిసే కూసోనుండాది. తన పొయ్యి కూడా ఆ యేడు శానా మొరాయించింది, మంట లేయదు, సంగటి సగం ఉడుకుతాది, కండ్లు మిరప్పొడి సల్లినట్టు మండతాయి. ఓర్సుకుండె. కోపం మీద ఉన్న మనిషికి పొగ ఒక లెక్కా.

ఇంగ గోడకవతల సూడు. మద్దమ్మ పొయ్యి బొక్క మసితో పూడిపోయింది. పొయ్యిమీద సెయ్యి పెట్టే హక్కు లేదు, అందుకని కట్టెపుల్లతో పొడిసి సూసింది. లోపల మన్నుపెళ్ళ ఊడిపడి, ఉండే రోంత సందు కూడా మూసకపాయె. ఇంగ పొగంతా ఇంట్లోకే. బయట మూడు రాళ్ళు పెట్టుకోని వండుకుందామంటే ఆ ఎండ, ఆ గాలి, మంట నిలవదు. పిల్లకు దగ్గు పట్టుకునింది. మొదట్లో పొయ్యి ఎలిగించినప్పుడే దగ్గేది, రానురాను పొద్దస్తమానం దగ్గుతాండాది. దగ్గి దగ్గి తాగిన పాలు కక్కుకునేది. ఈ పక్క సుంకులక్క గోడకు ఈపు ఆనించి కూసోని ఇంటాండాది. లేసి ఇంగొక మూలకు పోతాది. ఆ మూలకూ ఇనపడతాది. ఒకటే గోడ గదా.

అట్లుండగా ఒకనాడు పొద్దున్నే పడమర మబ్బు పట్టింది. గాలి సల్లబడింది. ఊరోళ్ళు మిద్దెలెక్కి గవాక్షిల మీద కుండలు బోర్లిస్తాండారు, వాన దిగితే లోపల పడకుండా. వాన దిగిందంటే ఇంగ ఆ యేడు పొయ్యి మెత్తేది లేదు, తేమకు మన్ను ఎండదు. సుంకులక్క వాకిట్లో నిలబడి మబ్బు సూసింది. రెండు పొయ్యిలకు టయిము లేదు. గట్టిగా ఎండ కాస్తే ఒకదానికి సాలుతాది. అప్పుడే అవతల పిల్ల దగ్గబట్టింది. దగ్గీ దగ్గీ, ఊపిరి అందక కొంచేపు సప్పుడే లేదు. ఆ సప్పుడు లేని కొంచెంసేపు సుంకులక్క పేణం పేణంలో లేదంట. మళ్ళా దగ్గు ఇనపడినాకనే ఆమె కాలు కదిలింది.

కొడవలి తీసుకోని, ఉత్త పెంకు ఒకటి పట్టుకోని సిన్నింటి గడప తొక్కింది. మద్దమ్మ పొగలో కూసోని ఊదుగొట్టంతో ఊదుతాండాది. ఎవురా అని సూస్తే అక్క. సుంకులక్క పొయ్యి ముందర కూసోని ఆ నిప్పులు పెంకులోకి తీయబట్టింది. మద్దమ్మ గబక్కన ఆమె సెయ్యి పట్టుకోని, అక్కా, నీది కాకముందు నాది ముట్టుకుంటే ఏమంటారో తెలుసు గదా, నిన్ను పోయినదాని కింద కడతారు, వద్దక్కా అనింది. సుంకులక్క అనిందంట, "పోయినదైతే ఈడికొచ్చి గీకుతాదా? నేనుండాను, నేనే సెప్తాండాను, ఈ యేడు సిన్నింటి నిప్పు పెద్దింటికి సుట్టం వస్తాది. ఊరికి నేను సెప్పుకుంటాలే. నువ్వు పోయి మన్ను తొక్కు."

ఇద్దరూ పనిలో పడిరి. పెద్దామె బొక్కలో మోసేతిదాకా సెయ్యి పెట్టి పెళ్ళలు తోడతాండాది, సిన్నామె తట్టలో ఎత్తిపోస్తాండాది. రోంతసేపటికి సుంకులక్కే అనింది, పొయ్యికాడ వంచిన తల ఎత్తకుండా. నువ్వన్న మాట నాకు ఈడ ఉండాది మద్దీ, పోలేదు, పిల్ల కోసం వచ్చినానే గాని అది పోయిందని కాదు. మద్దమ్మ తట్ట కింద పెట్టి నిలబడిపోయింది. నోరు జారినానక్కా అంటే సరిపోయేది గదా, ఎవురైనా అదే అంటారు. ఆ యమ్మ అట్ల అనలేదు. "నోరు జారలేదక్కా. కావాలనే అన్న్యా. నేను కన్న పిల్ల, నేను రమ్మంటే రాదు, నీ మెడ పట్టుకుంటాది. అంతమంది ముందర గూడా నీ మెడే పట్టుకోనుండె. ఓర్సుకోలేక అన్న్యా" అనింది. సుంకులక్క మసి సేత్తోనే తొక్కిన మన్ను ఇంత తీసి పిసికి సూసింది. తర్వాత, మన్ను పలసనైంది, ఇంగ రోంత పొట్టు కలుపు అనింది.

మబ్బు ఏమనుకునిందో ఏమో, ఆపొద్దు పక్కకు పాయె. ఎండ కాసింది. సిన్నింటి పొయ్యి ఎండేదాకా రెండిళ్ళోళ్ళూ పెద్దింటి పాతపొయ్యి మీదనే, పొగలోనే, వండుకు తినిరి. పిల్లను ఆ పొగ తగలకుండా ఈరన్న వాకిట్లో ఎత్తుకోని తిప్పేది. పొయ్యి ఎండిందో లేదో వాన దిగింది. సుంకులక్క పొయ్యి ఆ యేడు అట్లనే ఉండిపాయె. ఊర్లో అననే అనిరి, పెద్దామెను ఉండగానే తీసేసిరి అని. అంటే అనుకోనీ అనింది ఈమె.

కొత్తపొయ్యి మొదటితూరి ఎలిగించేనాడు మద్దమ్మ తన నిప్పు తిరిగి తీసకపోనీకి పెద్దింటికొచ్చింది. వచ్చిన మనిషి పెంకు అందుకోకముందు సంకలో పిల్లను తీసి సుంకులక్క ఒళ్ళో కూసోబెట్టింది. కూసోబెట్టి, "అక్కా, నేను సంగటి కెలికేదాకా దీన్ని పట్టుకో" అనింది. నిప్పు తీసుకోని పాయె. పిల్ల పెద్దమ్మ మెడ పట్టుకునింది. ఇది పొద్దుగాల జరిగిన మాట. మద్దమ్మ పిల్ల కోసం మళ్ళా వచ్చింది ఎప్పుడనుకుంటిరి? దీపాలు పెట్టే యాళకంట. అమ్మల్లారా, మీరంతా సంగటి కెలికేటోళ్ళే గదా. కొత్తగా మెత్తిన పొయ్యి, ఎండు కట్టెలు, మంట బాగా పోతాండాది. సంగటి కెలికేదానికి అంత పొద్దు పడతాదా, మీరే సెప్పండి.